పాత కెమెరాలకు ఒక చీకటిగది కావాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

రోలు వేసి ఫొటోలు తీసే పాత కెమెరాలను ఇరవై ఏళ్ల పిల్లలు ఏరికోరి కొనుక్కోవడం ఈమధ్య మన పట్టణాల్లోనూ కనిపిస్తోంది. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత సామాను మధ్య యాషికా, జెనిట్ కెమెరాలను తిరగేసి చూసే కళాశాల విద్యార్థులు, తాతగారి ఆగ్ఫా క్లిక్ త్రీని బీరువాలోంచి తీసి దీనికి రోలు ఎక్కడ దొరుకుతుందని అడిగే ఉద్యోగస్తులు ఇప్పుడు అరుదేమీ కాదు. ఇదొక కొత్త మోజు అని తీసిపారేసేవారు ఉన్నారు. సెల్‌ఫోనులో ఖర్చు లేకుండా వేల ఫొటోలు తీసుకోగలిగిన రోజుల్లో ముప్పై ఆరు ఫొటోలకు ఇంత డబ్బు తగలేయడం ఏమిటని విసుక్కునేవారూ ఉన్నారు. ఆ వాదన జోలికి నేను పోను. ఏది గొప్పదో తేల్చడం ఈ లేఖ ఉద్దేశం కాదు. ఈ అభిరుచి మన దగ్గర వేళ్లూనకపోవడానికి కారణం కెమెరాలు లేకపోవడమో, రోళ్లు దొరకకపోవడమో కాదనీ, రోలు కడిగే (అంటే రసాయనాలతో దాని మీది బొమ్మలను పైకి తేల్చే) చోటు, కడగడం నేర్పే మనిషి లేకపోవడమేననీ మాత్రం విన్నవించదలచాను.

రోళ్లకు వచ్చిన కరువేమీ లేదు. 2012 జనవరిలో కొడాక్ సంస్థ దివాలా దరఖాస్తు చేసుకున్నప్పుడు ఫిల్ముకు కాలం చెల్లిందనే చాలామంది అనుకున్నారు. కానీ తయారీ ఆగిపోయిన ఎక్టాక్రోమ్ అనే రంగుల ఫిల్ము 2018లో కొడాక్ పేరుతోనే మళ్లీ అంగళ్లలోకి వచ్చింది. ఫ్యూజీ వారి నలుపు తెలుపు ఫిల్ము ఆక్రోస్ మరుసటి ఏడాది తిరిగొచ్చింది. 2024లో పెంటాక్స్ సంస్థ ఏకంగా కొత్త ఫిల్ము కెమెరానే విడుదల చేసింది. ముప్పై ఆరు ఫొటోల రోలులో అది డెబ్బై రెండు తీస్తుంది. సినిమాల కోసం తయారయ్యే కొడాక్ విజన్ త్రీ ఫిల్మును చిన్న రోళ్లుగా చుట్టి అమ్మేవారు కూడా మన దేశంలో ఉన్నారు. అయితే ఆ ఫిల్ము పాత తయారీ రోళ్ల వెనుక నల్లటి మసిపూత ఉంటుందని, అది తెలియక మామూలు కలర్ ల్యాబులో ఇస్తే యంత్రంలోని రసాయనాలు పాడై మిగతావారి రోళ్లు కూడా దెబ్బతింటాయని కొనేవారికి చెప్పే నాథుడు ఉండడు. ఊటీలో 1960లో స్థాపించిన ప్రభుత్వ రంగ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ మూతపడకుండా ఉంటే బహుశా ఇంతగా బయటి దేశాల మీద ఆధారపడే అవసరం ఉండేది కాదు. ‘ఇందు’ పేరుతో వచ్చిన దాని సరుకు మన స్టూడియోల వారికీ, ఆసుపత్రుల ఎక్స్‌రే గదులకూ బాగా తెలిసినదే. అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత రోళ్లు తెప్పించుకునేవారికి ఒక్క మాట: వాటిని పెద్ద పెట్టెల్లో వేయవద్దని, చేతిసంచిలోనే పెట్టుకుని, కొత్త సీటీ స్కానర్లున్న విమానాశ్రయాల్లో చేతితో తనిఖీ చేయమని కోరాలని ముందే చెప్పండి. ఆ స్కానర్ల కిరణాలకు కడగని ఫిల్ము మసకబారుతుంది.

అసలు చిక్కు ఎండలతో వస్తుంది. నలుపు తెలుపు ఫిల్మును కడిగే డెవలపర్లు అనే రసాయన ద్రావణాలకు కంపెనీలు ఇచ్చే సమయాలు సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్‌కు లెక్కకట్టినవి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా విజయవాడలో మేడమీది ట్యాంకు నుంచి దిగే నీళ్లు ఎంత వేడిగా ఉంటాయో ఇక్కడి పాఠకులకు చెప్పనక్కర్లేదు. వేడి పెరిగేకొద్దీ డెవలపరు త్వరగా పనిచేస్తుంది కనుక సమయం తగ్గించాలి. కానీ అది ఐదు నిమిషాల కంటే తగ్గితే ద్రావణం ఫిల్ము అంతటా సమంగా పట్టదు. ఆకాశం, తెల్లగోడ వంటివి ఉన్నచోట చారలు తేలతాయి. అంతకంటే పెద్ద ఇబ్బంది జెలటిన్‌తో వస్తుంది. వెండి లవణాలను పట్టి ఉంచే ఆ పొర వేడినీటిలో ఉబ్బి మెత్తబడుతుంది, గోరు తగిలినా గీత పడుతుంది. చల్లని ద్రావణంలోంచి తీసి ఒక్కసారిగా వేడినీటిలో వేస్తే పొర ముడతలు పడి, బొమ్మంతా ఎండిన చెరువు మట్టిలా బీటలు వారినట్టు కనిపిస్తుంది.

ఏసీలు లేని రోజుల్లో మన స్టూడియోల వారు ఇన్ని వేసవులు ఎలా గట్టెక్కారు? డెవలపరు ట్రేను మంచుముక్కలు పోసిన పెద్ద బేసిన్‌లో నిలిపేవారు. మంచును నేరుగా ద్రావణంలో వేస్తే అది పలచబడుతుంది కనుక, తప్పనిసరైతే సంచిలో కట్టి ముంచేవారు. పగలంతా తీసినవి తెల్లవారుజామున, రాత్రంతా కుండలో చల్లారిన నీళ్లతో కడిగేవారు. పొర ఉబ్బకుండా డెవలపరులో సోడియం సల్ఫేట్ కలపడం, గట్టిపడేందుకు హైపోలో (తేలిన బొమ్మను చెదరకుండా నిలిపే ద్రావణంలో) పటిక చేర్చడం వారికి తెలుసు. ఇవి నాటు చిట్కాలేమీ కావు. ఉష్ణదేశాల వారి కోసం ఫిల్ము కంపెనీలు ప్రచురించిన సూచనల్లోనూ ఉన్నవే. ఇవాళ ఈ పని నేర్పే వీడియోల్లో అధిక భాగం చలిదేశాల వారు చేసినవి. వారు నీళ్లను 20 డిగ్రీలకు వెచ్చబెట్టడం చూపిస్తారు గానీ చల్లార్చడం చూపించరు. పిల్లలు వాటిని చూసి, మే నెలలో మొదటి రోలు పాడుచేసుకుని, ఇది మనవల్ల కాదని కెమెరాను అల్మారాలో అలంకారంగా పెట్టేస్తున్నారు. రంగుల నెగెటివ్‌ల సంగతి వేరు. సి-41 అనే ఆ పద్ధతికి డెవలపరు 37.8 డిగ్రీల దగ్గర ఉండాలి. మన వేసవి కుళాయి నీళ్లు అందుకు దగ్గరలోనే ఉంటాయని సరదాగా అనుకోవచ్చు గానీ, అక్కడ అనుమతించే తేడా డిగ్రీలో ఐదో వంతు కూడా లేదు.

కెమెరాల విషయంలోనూ ఇలాంటి తెలివిడే కావాలి. 1960, 70 దశకాల కెమెరాలు చాలావాటిలో వెలుతురు కొలిచే మీటరు 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీతో నడిచేది. పాదరసం విషపదార్థం కావడంతో వాటి తయారీ ఆగిపోయింది. అదే సైజులో దొరికే 1.5 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీ వేస్తే ముల్లు కదులుతుంది, మీటరు బాగానే ఉందనిపిస్తుంది, కొలత మాత్రం తప్పుతుంది. వినికిడి యంత్రాలకు వాడే 675 సైజు జింక్-ఎయిర్ బిళ్ల సుమారు 1.4 వోల్టులు ఇస్తుంది కాబట్టి, చుట్టూ చిన్న రబ్బరు వలయం పెట్టి దాన్ని వాడుకోవచ్చు. మీటరు పూర్తిగా పోయినా దిగులు పడనక్కర్లేదు: నిండు ఎండలో అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) 16 దగ్గర ఉంచి, డబ్బా మీద ఐఎస్ఓ 100 అని వేగం రాసి ఉన్న ఫిల్ముకు షట్టరును సెకనులో 125వ వంతుకు పెడితే సరిపోతుంది. కోస్తాలో లెన్సుకు అసలు శత్రువు బూజు. కెమెరాను తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడం జాగ్రత్త అనుకుంటాం గానీ, తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచడమే మేలు. బిగిసిన షట్టరుకు కుట్టుమిషను నూనె చుక్క వేసే ఆచారం కూడా మానాలి. ఆ నూనె పలుచని రేకుల మధ్యకు పాకి వాటిని మరింతగా అతికిస్తుంది.

ఇవన్నీ తెలిసినవారు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. నెగెటివ్ మీద పెన్సిలుతో టచింగ్ చేసి పెళ్లికూతురి ముఖం మీది మచ్చలు పోగొట్టినవారు, పెళ్లి ఆల్బమ్‌ల ప్రింట్లు రాత్రంతా ఎన్లార్జరు (నెగెటివ్‌లోని బొమ్మను పెద్దది చేసి కాగితం మీద పడేలా చేసే యంత్రం) దగ్గర నిలబడి తీసినవారు ఇప్పుడు అరవయ్యో పడి, డెబ్బయ్యో పడి దాటి ఇళ్లలో ఉన్నారు. వారి స్టూడియోలు కొన్ని జిరాక్స్ సెంటర్లయ్యాయి, కొన్ని పాస్‌పోర్టు ఫొటోల యంత్రంతో నడుస్తున్నాయి. ఎన్లార్జర్లు మేడ మీది గదుల్లో దుమ్ము కొట్టుకుపోతున్నాయి. నేర్చుకోవాలనే పిల్లలు ఒకవైపు, చెప్పగలిగిన పెద్దలు మరోవైపు ఉన్నా, ఇద్దరూ కలిసే చోటు లేదు.

కాబట్టి నా విన్నపం ఇది. జిల్లా కేంద్రాల్లో కనీసం ఒక్కో ఉమ్మడి చీకటిగది ఏర్పడాలి. దీనికి పెద్ద బడ్జెట్టు అవసరం లేదు. కిటికీలు లేని చిన్న గది, కుళాయి, గాలి బయటికి లాగే ఫ్యాను, ప్రింట్ల కోసం ఎర్రదీపం, విరాళంగా వచ్చే రెండు ఎన్లార్జర్లు, వేసవికి ఒక చిన్న ఫ్రిజ్ చాలు. జిల్లా గ్రంథాలయ సంస్థల భవనాల్లో వాడకుండా వదిలేసిన గదులు ఉన్నచోట అక్కడే పెట్టవచ్చు. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ఫొటోగ్రఫీలో డిగ్రీ చదువు చెప్పే జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం వంటి సంస్థలు నెలకు ఒక ఆదివారమైనా బయటివారికి డార్క్‌రూమ్ పాఠాలు చెప్పే ఏర్పాటు చేస్తే అది మంచి ఆరంభమవుతుంది. అక్కడ పాఠం చెప్పే పాత స్టూడియో పెద్దలకు గౌరవ వేతనం ఇవ్వాలి. కళాభిమానం పేరు చెప్పి ఊరికే పని చేయించుకోవడం మనకు అలవాటైపోయింది.

ఉమ్మడి గది వల్ల మరో ప్రయోజనం ఉంది. వాడేసిన హైపోలో ఫిల్ము నుంచి కరిగిన వెండి ఉంటుంది. ఇంట్లో కడిగేవారు దాన్ని కాలువలోకి పారబోస్తున్నారు. నీటిలోని జీవాలకు అది హాని. ఒకచోట పోగైతే స్టీల్ ఉన్ని వేసి ఆ వెండిని రాబట్టవచ్చు. పూర్వం వాడిన హైపో కోసం స్టూడియోల చుట్టూ తిరిగే వ్యాపారులు ఉండేవారన్న సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. బాధాకరమైన విషయం ఏమిటంటే, అదే వెండి కోసం పాత నెగెటివ్‌లను కూడా కిలోల లెక్కన అమ్మేసిన స్టూడియోలు ఉన్నాయి. ఒక ఊరి మూడు తరాల ముఖాలు అలా కరిగిపోయాయి. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపి, ఆరో నిజాం ఆస్థానంలో ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) గాజుపలకల నెగెటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి కనుకనే ఆనాటి హైదరాబాద్‌ను ఇవాళ ఇంత స్పష్టంగా చూడగలుగుతున్నాం. తెనాలిలోనో, జగిత్యాలలోనో బజారు స్టూడియో నడిపినవారి నెగెటివ్‌లకు అలాంటి అదృష్టం పట్టలేదు. నెగెటివ్‌ను వెలుతురుకు పట్టి చదవడం, దాని నుంచి ప్రింటు తీయడం నేర్చుకున్న పిల్లలే రేపు వాటి విలువ గుర్తించి అడ్డుపడగలరు. ఈ అభిరుచిని నేను సమర్థించడానికి ప్రధాన కారణం అదే.

మీ పత్రికకు కూడా ఒక విజ్ఞప్తి. ఫలానా ఊళ్లో ఎన్లార్జరు ఉచితంగా ఇస్తామనేవారికి, కడగడం నేర్పుతామనే పాత స్టూడియోల వారికి, నేర్చుకుంటామనే విద్యార్థులకు జిల్లా సంచికల్లో వారానికి ఒకసారి నాలుగు పంక్తుల చోటు కేటాయించగలరని ఆశిస్తున్నాను. అలాగే, పాత కెమెరాను తూకానికి వేయబోయే పాఠకులు ముందుగా రోలును వెనక్కి చుట్టే పిడిని మెల్లగా తిప్పి చూడాలని, బిగువుగా తగిలితే లోపల రోలు ఉన్నట్టేనని, అప్పుడు వెనుక మూత తెరవకుండా తెలిసినవారికి చూపించాలని ఈ లేఖతో పాటే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఏళ్ల తరబడి కెమెరాలో మిగిలిపోయిన రోలును కడిగినా, ముఖ్యంగా అది నలుపు తెలుపుదైతే, బొమ్మలు వచ్చే అవకాశం ఉంటుంది.

ఇట్లు
భవదీయుడు,
ఒక పాఠకుడు, విజయవాడ