అయ్యగారి మిద్దె దించి కట్టాలె: ఊరి మహాజనులకు రామాలయ కమిటీ విజ్ఞప్తి

శ్రీరామ.

ఊళ్లో ఉన్న పెద్దలకు, బతుకుదెరువు కోసం పట్నం, బొంబాయి, పుణె, దుబాయి పోయిన మన పిల్లలకు, ఇక్కడ పుట్టి అత్తగారిళ్లకు పోయిన ఆడబిడ్డలకు రామాలయ కమిటీ నమస్కారాలు.

గుడి వెనుక, చేదబావికి పోయే దారిలో ఉన్న అయిదంకణాల మిద్దె మీ అందరికీ తెలుసు. మన గుడి పూజారి అయ్యగారి కుటుంబం ఉండేది అందులోనే. స్వామికి రోజూ నైవేద్యం వండేదీ ఆ ఇంటి పొయ్యి మీదనే. శ్రీరామనవమికి పానకం కలిపే గంగాళాలు, కల్యాణం పట్టుబట్టలు, తేరు తాళ్లు, ఉత్సవ విగ్రహాల పెట్టె అన్నీ ఆ ఇంటి నడిమి గదిలో ఉంటాయి. పోయిన భాద్రపదంలో నాలుగు రోజులు ముసురు పట్టింది గదా, మూడో రాత్రి ఆ నడిమి గది మీది పెద్ద దూలం చిట్లింది. తెల్లవారుజామున పెద్ద చప్పుడైందని, లేచి చూసేసరికి గది నిండా దుమ్ము, పొయ్యి మీద మన్ను ఉన్నాయని అమ్మగారు చెప్పారు. అయ్యగారు ముందు వాళ్ల అమ్మను ఎత్తుకొచ్చి గుడి మండపంలో పడుకోబెట్టారు. తర్వాత మళ్లీ లోపలికి పోయి విగ్రహాల పెట్టె తెచ్చారు. ఆ రెండోసారి పోవద్దని పక్కింటివాళ్లు ఎంత చెప్పినా వినలేదు. ఆ రోజు స్వామికి అటుకులు, బెల్లం నైవేద్యం.

మనలో ఎవరి ఇంట్లోనూ ఎవరికీ ఏమీ కాలేదు. అయ్యగారి ఇంట్లోనూ ఏమీ కాలేదు, అది స్వామి దయ. కానీ దయ మీద ఎన్నాళ్లు నెట్టుకొస్తాం? ఇప్పుడు ఆ దూలం కింద మూడు సెంట్రింగు జాకీలు పెట్టి నిలిపాం. అయ్యగారు, అమ్మగారు, ఇద్దరు పిల్లలు, ఎనభై దాటిన ముసలమ్మ ముందరి రెండంకణాల్లో సర్దుకుని ఉంటున్నారు. మబ్బు పట్టిన ప్రతి రాత్రీ మండపానికి వచ్చి పడుకుంటున్నారు.

మట్టి మిద్దె ఎట్లా నిలుస్తదో ఇప్పటి పిల్లల్లో చాలామందికి తెలియదు. గోడల మీద దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద చెక్కలు, పైన బోద గడ్డి, వేపాకు పరిచి మన్ను పోస్తారు. అన్నిటికన్నా మీద సౌడు, అంటే చౌడు మన్ను. సౌడు తడిస్తే ఉబ్బి, మన్నులోని సన్న రంధ్రాలు మూసుకుపోతాయి, నీళ్లు కిందికి దిగకుండా రాతి దోనెల వైపు జారిపోతాయి. అందుకే సిమెంటు లేని కాలంలో మన పాలమూరులో ఊళ్లకు ఊళ్లు ఈ మిద్దెల కిందనే బతికాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో కూడా మిద్దె కింద చాప వేసుకుని నిద్రపోవచ్చు. రెండడుగుల గోడ, పైన అంత మన్ను, పగటి వేడి లోపలికి దిగేలోపల పొద్దు గూకుతుంది.

అయితే మిద్దెకు ఏటేటా సేవ చేయాలి. మృగశిర కార్తెకు ముందు మీద మొలిచిన గడ్డి పీకి, పగుళ్లు పూడ్చి, కొత్త సౌడు చల్లి తొక్కాలి. మా చిన్నప్పుడు అది ఊరి పని. చెరువు కట్ట దిగువ నుంచి బండ్ల మీద సౌడు వచ్చేది. ఆడవాళ్లు గంపలు అందిస్తుంటే మొగవాళ్లు మీద పరిచేవాళ్లు. సాయంత్రానికి అమ్మగారు అందరికీ పులిహోర పెట్టేవారు. ఇవతల ఇరవై ఏళ్లుగా ఆ పనికి మనిషి దొరకడం లేదు. దొరికినప్పుడు కూడా పాత మన్ను గీకి తీయకుండా దాని మీదనే కొత్తది పోస్తూ వచ్చాం. ఊరిలోనే పుట్టి పెరిగిన మన ఇంజనీరు పిల్లవాడు మొన్న మిద్దె మీద నాలుగు చోట్ల తవ్వి కొలిచాడు. పద్నాలుగు అంగుళాల మన్ను ఉంది. తడిసిన మన్ను అడుగు మందాన చదరపు అడుగుకు దగ్గర దగ్గర 50 కిలోలు తూగుతుంది. 30 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు మిద్దె మనది. లెక్క వేసుకోండి, వానకాలంలో ఆ దూలాల మీద నాలుగు లారీల లోడు నిలబడి ఉంటున్నది.

ఒక తప్పు మా కమిటీ కూడా ఒప్పుకోవాలి. పదేళ్ల కింద కప్పు కారడం ఆగాలని మిద్దె మీద ప్లాస్టిక్ పట్టా పరిచి దాని మీద మన్ను కప్పించాం. రెండేళ్లు ఆగింది, మేమూ సంతోషించాం. పట్టా ఎక్కడో చినిగి, లోపలికి దిగిన తడి మళ్లీ ఎండకు ఆరే దారి లేక దూలాల్లోనే ఉండిపోయింది. ఇప్పుడు చూస్తే దూలాలు నడిమిట గట్టిగా ఉన్నాయి, గోడలో దిగిన కొసలు మాత్రం చేత్తో నలిపితే పొడి అవుతున్నాయి. చెదలు సగం, తడి సగం తిన్నాయి. బయటికి కనపడే భాగం చూసి దూలం బాగుందనుకున్నాం, మోసే భాగం గోడ లోపల ఉంటుంది. మీ ఊళ్లో, మీ చుట్టాల ఊళ్లో పాత మిద్దెలు ఉంటే ఈ కొసలు ఒకసారి చూపించుకొమ్మని మనవి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి అలంపురం, రాజోలి మునిగినప్పుడు మట్టి ఇండ్లు ఎట్లా కూలాయో పాలమూరువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వరదే రానక్కర్లేదు, నాలుగు రోజుల ముసురు చాలు.

ఏం కట్టాలి అనే దాని మీద కమిటీలో మూడు సార్లు కూర్చున్నాం, గట్టిగానే మాట్లాడుకున్నాం.

రేకులు వేద్దామని కొందరన్నారు. ఖర్చు తక్కువ, వారం రోజుల పని. కానీ మే నెలలో 42, 43 డిగ్రీలు వచ్చే మన దిక్కున రేకుల కింద మధ్యాహ్నం పూట పొయ్యి ముందు కూర్చుని నైవేద్యం వండమని ఏ ముఖం పెట్టుకుని చెప్తాం? గాలిదుమారం వచ్చిందంటే రేకులు లేచి ఎవరి మీద పడతాయో తెలియదు. సిమెంటు రేకుల్లో కలిపే ఆస్‌బెస్టాస్ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ తెస్తుంది, కోసేటప్పుడు, పగిలినప్పుడు ఆ పొడి లేస్తుంది. మనం ఏసీ గదిలో పడుకుని గుడి సేవ చేసే కుటుంబాన్ని రేకుల కింద పెట్టడం ధర్మం కాదని ఇది రాస్తున్న నా అభిప్రాయం. కమిటీ కూడా చివరికి ఆ మాట మీదికే వచ్చింది.

స్లాబు వేద్దామన్నారు ఇంకొందరు. మన గోడలు మట్టితో పేర్చిన రాతి గోడలు. వాటి మీద స్లాబు నేరుగా పోయొద్దని ఇంజనీరు పిల్లవాడు చెప్పాడు, పోయాలంటే గోడల లోపల పునాదులు తవ్వి పిల్లర్లు లేపాలి. అంటే ఇల్లు సగం పడగొట్టినట్టే. ఖర్చు కూడా రెండింతలు.

చివరికి అందరూ ఒప్పుకున్నది గడ్డర్లు, బండలు. మన్ను మొత్తం దించి, దూలాలు తీసి, గోడల తలల మీద చుట్టూ ఆరంగుళాల కాంక్రీటు బెల్టు పోస్తాం. దానితో గోడలన్నీ ఒక కట్టులోకి వస్తాయి. బెల్టు మీద మూడడుగులకు ఒక ఇనుప గడ్డరు, గడ్డర్ల మీద తాండూరు నాపబండలు, ఆ పైన సున్నం, ఇటుక ముక్కలతో మూడంగుళాల గచ్చు, దోనెల వైపు వాలు పెట్టి. ఇంతా కలిపినా బరువు ఇప్పుడున్న మన్ను కన్నా తక్కువే. బండ కప్పు మనకు కొత్తదీ కాదు. అలంపురం నవబ్రహ్మ ఆలయాల కప్పు రాయే, బాదామి చాళుక్యుల కాలం నుంచి పదమూడు వందల ఏళ్లుగా ఈ ఎండలకు, ఈ వానలకు తట్టుకుని నిలబడి ఉంది.

రాయి వేడెక్కుతుంది గదా అని ముసలమ్మ అడిగింది, సరైన ప్రశ్న. అందుకే గచ్చు మీద తెల్ల పెంకు ముక్కలు పరిపిస్తున్నాం. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. మన రాష్ట్రం 2023లో కూల్ రూఫ్ పాలసీ అని తెచ్చింది కూడా దీని కోసమే. మిద్దె కింద ఉన్నంత చల్లదనం వస్తుందని మేము మాట ఇవ్వలేం, రేకుల కింద కన్నా ఎంతో మేలుగా ఉంటుందని మాత్రం చెప్పగలం. పొగ, వెలుతురు కోసం కప్పులో ఉంచిన పాత గవాచి ఉన్న చోటనే పొయ్యి మీద పొగగొట్టం పెట్టిస్తున్నాం. ఇన్నేళ్లు అమ్మగారు ఆ పొగలోనే వండారు.

బాగున్న దూలాలు ఎవరికీ అమ్మడం లేదు. కొసలు కోసేస్తే మూడు టేకు దూలాలు, రెండు నల్లమద్దివి పనికొస్తాయని వడ్లాయన చెప్పాడు, వాటితో గుడికి కొత్త దర్వాజ, ఉత్సవ విగ్రహాలకు బీరువా చేయిస్తాం. దించిన మన్ను మాత్రం ఎవరూ పొలానికి తోలుకోవద్దు. అందులో సౌడు ఉంది, పంట దెబ్బతింటుంది. గుడి ముందరి పల్లం పూడ్చడానికి వాడతాం.

ఖర్చు 6,40,000 రూపాయలు అవుతుందని అంచనా. పోయిన నవమి ఖర్చులు పోగా మిగిలిన 1,15,000 కమిటీ దగ్గర ఉంది. ఊళ్లో ఇప్పటికే 85,000 ఇస్తామని మాట ఇచ్చారు. ఇంకా 4,40,000 కావాలి. సర్కారు ధూప దీప నైవేద్యం పథకం కింద నెలకు వచ్చే 10,000 రూపాయల్లోనే పూజ, నైవేద్యం, అయ్యగారి భత్యం అన్నీ, ఇంటి కప్పుకు అందులో నుంచి తీసే మాట లేదు.

ఒక గడ్డరు రంగుతో సహా 4,500 పడుతుంది, ఇరవై గడ్డర్లు కావాలి. ఒక నాపబండ కిరాయితో కలిపి 600, నూట ఇరవై బండలు కావాలి. మీ తాత పేరున ఒక గడ్డరు ఇచ్చినా సంతోషమే, అయిదుగురు దోస్తులు కలిసి ఒక బండ ఇచ్చినా సంతోషమే. ఇచ్చినవాళ్ల పేర్లు ఎక్కువ తక్కువలు లేకుండా ఒకే వరుసలో రాయిస్తాం. పేరు వద్దన్నవాళ్లవి రాయించం. గుడి గోపురానికి రంగులు వేయించినప్పుడు మన ఊరు రెండు నెలల్లో డబ్బు జమ చేసింది, ఆ సంగతి మాకు గుర్తుంది. గోపురం దూరం నుంచి కనిపిస్తుంది కాబట్టి అందరికీ గుర్తుంటుంది. ఈ మిద్దె గుడి వెనుక ఉంది, నవమి నాడు వచ్చి పోయేవాళ్ల కంట పడదు. అందుకే ఇంత పొడుగు రాయాల్సి వచ్చింది.

డబ్బు గుడి పేరు మీది బ్యాంకు ఖాతాలోనే వేయండి. ఖాతా వివరాలు, ఫోన్‌పే స్కానర్ గుడి నోటీసు బోర్డు మీద ఉన్నాయి, దూరాన ఉన్నవాళ్లు ఇంటివాళ్లతో ఫొటో తీయించి తెప్పించుకోండి. ఎవరి చేతికీ నగదు ఇవ్వొద్దు, ఇస్తే రశీదు తీసుకోండి. ప్రతి శనివారం భజన తర్వాత జమ, ఖర్చు చదివి వినిపిస్తాం. మిగిలితే బావి గిలక, మోటరు బాగు చేయిస్తాం.

ఇంకో మాట బయట ఉన్న మన మేస్త్రీలకు, సెంట్రింగు పిల్లలకు. దేశంలో డ్యామ్ కట్టినా, బిల్డింగు లేపినా పాలమూరు లేబర్ అని పేరు పెట్టి పిలిపించుకుంటారు. మన ఊరి నుంచే నలభై మందికి పైగా ఆ పని మీద బయట ఉన్నారు. ఊరుగాని ఊళ్లలో ముక్కు మొహం తెలియనివాళ్ల ఇళ్లకు కప్పులు వేశారు. నవమికి ఎట్లాగూ వస్తారు. వచ్చినవాళ్లు ఇంకో నాలుగు రోజులు ఆగితే ఈ కప్పు మీ చేతుల మీదుగా వేయించాలని మా కోరిక. డబ్బు ఇవ్వలేకపోతే రెండు రోజుల పని ఇవ్వండి, అది డబ్బు కన్నా తక్కువేమీ కాదు. బెల్టు పోయడం, గడ్డర్లు లేపడం తెలిసిన చేతులు మాకు ముఖ్యంగా కావాలి. గచ్చు తొక్కడానికి, పది రోజులు తడి ఆరకుండా నీళ్లు పట్టడానికి ఎవరైనా సరిపోతారు.

కల్యాణం అయిన మూడో రోజు పొద్దున ఆరు గంటలకు మన్ను దించడం మొదలు. మృగశిరలోపు గచ్చు ఆరాలి, అంటే చేతిలో ఉన్నది రెండు నెలలే. గంప, పార ఎవరివి వాళ్లు తెచ్చుకోండి. చిన్నపిల్లలను మాత్రం మిద్దె దగ్గరికి తేవొద్దు, జాకీలు తీసేదాకా ఎవరూ నడిమి గదిలోకి అడుగు పెట్టొద్దు. మధ్యాహ్నం భోజనాలు బడి వంటగదిలో వండిస్తాం. పులిహోర తనే కలుపుతానని అమ్మగారు ముందే చెప్పి పెట్టారు.

ఇట్లు,
రామాలయ కమిటీ తరఫున