స్పిన్ కోసం మణికట్టు తిప్పకండి

సంపాదకులకు నమస్కారం.

పూల్, అంటే బల్ల మీద కర్రతో తెల్ల బంతిని కొట్టి మిగతా బంతుల్ని పాకెట్లలో వేసే ఆట, నేర్చుకునేవాళ్ల కోసం మీ ఆదివారం క్రీడల పేజీలో వేసిన వ్యాసం చదివాను. పెద్ద ఆటలకే చోటు చాలని పేజీలో పూల్‌కి ముప్పావు వంతు ఇచ్చారు, సంతోషం. కానీ అందులో రెండు మాటలు చూశాక ఊరుకోలేక రాస్తున్నాను. స్పిన్, అంటే బంతి తిరుగుడు, బాగా రావాలంటే బరువైన, ఖరీదైన క్యూ (కొట్టే కర్ర), దానికి మెత్తటి టిప్ (కొసన ఉండే తోలు ముక్క) ఉండాలన్నారు. తెల్ల బంతిని తాకే క్షణంలో మణికట్టు తిప్పాలన్నారు. రెండూ తప్పే. మొదటిది నమ్మితే డబ్బు దండగ, అంతటితో పోతుంది. రెండోదే అసలు ప్రమాదం, ఎందుకంటే మణికట్టు తిప్పడం ఒకసారి అలవాటైతే మానడానికి ఏళ్లు పడుతుంది. నాకు పట్టాయి.

టిప్ బంతిని అంటుకుని ఉండేది సెకనులో సుమారు వెయ్యో వంతు. మీరు మణికట్టు తిప్పుదామని అనుకునేలోపే బంతి వెళ్లిపోయి ఉంటుంది. బంతి ఎలా తిరుగుతుందన్నది టిప్ బంతి మధ్య నుంచి ఎంత పక్కకి తగిలింది, ఎంత వేగంగా తగిలింది అనే రెండింటి మీదే ఆధారపడి ఉంటుంది. కొట్టాక క్యూ నేరుగా ముందుకు సాగాలని గురువులు చెప్పేది కూడా స్పిన్ కోసం కాదు. చేతిని మధ్యలో ఆపేద్దామని చూస్తే క్యూ తాకకముందే వంకర పోతుంది, అందుకని అలా చెబుతారు.

మరి ఎంత పక్కకి కొట్టొచ్చు? పూల్ బంతి వ్యాసం 57.15 మి.మీ., అంటే మధ్య నుంచి అంచుకి 28 మి.మీ. చిల్లర. అందులో సగం, 14 మి.మీ. దాకా చాక్ (జారకుండా టిప్‌కి రాసే గరుకు పొడి ముక్క) రాసిన టిప్ జారకుండా పట్టుకుంటుంది. అది దాటితే జారిపోయి టక్కుమని చప్పుడు చేస్తుంది, అందరూ తల తిప్పి మీ వైపే చూస్తారు. దాన్నే మిస్‌క్యూ అంటారు.

దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. తెల్ల బంతి బదులు చారల బంతి ఒకటి తీసుకుని, చార నిలువుగా ఉండేలా పెట్టి, ఎడమకో కుడికో కొట్టండి. చార అంచులు దాదాపు ఆ హద్దు దగ్గరే ఉంటాయి. కొట్టాక బంతిని చేతిలోకి తీసుకుని చూస్తే చాక్ మరక ఎక్కడ పడిందో కనపడుతుంది. కింద కొట్టడం చూడాలంటే చారను అడ్డంగా పెట్టండి. బాగా కింద కొట్టాను, అయినా బంతి వెనక్కి రాలేదు, ఈ క్యూ పనికిరాదు అని నేను రెండేళ్లు గొణిగాను. తీరా ఈ పరీక్ష చేస్తే మరక మధ్య నుంచి మూడు మిల్లీమీటర్లు కూడా దిగలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టే ఉంది నా సంగతి. కింద గురిపెట్టి, కొట్టే సమయానికి మోచేయి పడేసి, టిప్‌ని పైకి లేపేస్తున్నానన్నమాట.

స్క్రూ, అంటే బంతిని వెనక్కి లాగడం, అందరికీ మోజున్న షాట్ కాబట్టి దాని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. కింద కొట్టిన బంతి వెనక్కి తిరుగుతూనే ముందుకి జారుతుంది. కింద టేబుల్ మీద పరిచిన క్లాత్ రాపిడి ఆ వెనక్కి తిరగడాన్ని అడుగడుగునా తినేస్తూ ఉంటుంది. తిరుగుడు ఇంకా మిగిలి ఉండగా ఎదుటి బంతికి నేరుగా తగిలితే వెనక్కి వస్తుంది. సరిగ్గా అప్పటికే అయిపోతే తగిలిన చోటే ఆగిపోతుంది. మరీ ముందే అయిపోయి మామూలుగా దొర్లడం మొదలుపెడితే, మీరు ఎంత కింద కొట్టినా, తగిలాక ముందుకే పోతుంది. అందుకే జానెడు దూరంలో ఉన్న బంతి మీద చక్కగా వచ్చిన స్క్రూ టేబుల్ ఆ చివరన ఉన్న బంతి మీద రాదు. అలాంటప్పుడు చాలామంది భుజం బిగించి బలంగా గుద్దుతారు. బిగించిన చేయి కింద కొట్టలేదు, టిప్ మధ్యకే ఎక్కుతుంది. వేలు వంచిన బ్రిడ్జిని, అంటే క్యూకి ఆనుగా బల్ల మీద పెట్టే చేతిని, కాస్త దించి, క్యూ వీలైనంత బల్లకి సమాంతరంగా ఉంచి, పట్టు వదులుగా పెట్టి, వేగం మాత్రం పెంచండి. క్యూ వెనక వైపు ఎత్తి పొడిస్తే బంతి గెంతుతుంది, క్లాత్ చిరిగినా చిరుగుతుంది.

పైన కొట్టడం తేలిక. బంతి ఎత్తులో పదింట ఏడో వంతు దగ్గర తగిలితే అది మొదటి నుంచే జారకుండా దొర్లుతుంది. గాలుల గురించిన పాఠాల్లో మనం చదువుకునే కొరియోలిస్ లేడూ, ఆ ఫ్రెంచ్ ఆయనే, 1835లో బిలియర్డ్స్ బంతుల గణితం మీద ఏకంగా ఒక పుస్తకమే వేశాడు. ఆట ఎలా ఆడేవాడో తెలియదు కానీ ఆ ఓపికకి దణ్ణం పెట్టాలి.

ఇక సైడ్, అంటే తెల్ల బంతిని మధ్యకి ఎడమగానో కుడిగానో కొట్టడం. మీ వ్యాసంలో దీని గురించి ఒక్క వాక్యం, అదీ కుడివైపు కొడితే బంతి కుడికి వెళ్తుందని. కుషన్‌కి, అంటే టేబుల్ అంచు గట్టుకి, తగిలాక కుడికి మళ్లుతుంది, నిజమే. కానీ అంతకుముందు జరిగేది చెప్పకపోతే చదివినవాడు ఒక్క బంతీ పాకెట్‌లో వేయలేడు. కుడివైపు కొట్టిన తెల్ల బంతి క్యూ చూపించిన గీత మీద పోదు, కొంచెం ఎడమకి తప్పుకుని బయల్దేరుతుంది. ఆ తర్వాత క్యూ వెనక ఎత్తుగా ఉన్న కొద్దీ మళ్లీ కుడికి వంపు తిరుగుతుంది. వెళ్లి ఎదుటి బంతిని తాకినప్పుడు దాన్ని రాపిడితో ఎడమకి కొంచెం నెడుతుంది. ఈ మూడూ కలిసి ఒక్కోసారి ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి, ఒక్కోసారి అన్నీ కలిసి మన పరువు తీస్తాయి. అందుకే నా లెక్కలో మొదటి ఆరు నెలలు సైడ్ జోలికే పోకూడదు. పైన, మధ్య, కింద, ఈ మూడు చోట్లు వస్తే ఆటలో చాలావరకు తెల్ల బంతిని కావాల్సిన చోటికి తెచ్చుకోవచ్చు.

క్యూ విషయానికి వస్తే, అది స్పిన్ పుట్టించదు అన్నాను కానీ ఏదైనా ఒకటే అనడం లేదు. పక్కకి తప్పుకుని బయల్దేరడం అన్నానే, అది షాఫ్ట్ (క్యూలో టిప్ వైపు సన్నటి భాగం) ముందు భాగం బరువును బట్టి ఉంటుంది. ముందు భాగం తేలికైతే బంతి తక్కువ తప్పుతుంది. లోపల బోలుగా ఉండే షాఫ్టులు, కార్బన్ ఫైబర్ షాఫ్టులు వచ్చింది ఇందుకే. ఇవి గురిని సులువు చేస్తాయి, అంతే. నేను అలాంటిదొకటి కొన్నాక నెల రోజులు అంతకుముందు కళ్లు మూసుకుని వేసే బంతులు కూడా పోయాయి. కుడివైపు కొట్టినప్పుడు పాత క్యూతో బంతి ఎడమకి తప్పుతుందని తెలిసి అలవాటుగా కొంచెం కుడికి గురిపెట్టేవాణ్ని. కొత్తది అంత తప్పదు కదా, బంతి గురిపెట్టిన కుడి వైపుకే పోయేది. కనక ఏ క్యూ అన్నది కాదు, ఒకే క్యూతో ఆడటం ముఖ్యం. రోజుకొకటి మారిస్తే సైడ్ ఎప్పటికీ పట్టుబడదు.

కొనేటప్పుడు బల్ల మీద దొర్లించి చూడమని మీ వ్యాసంలో ఉంది. దొర్లించండి, కానీ దాంతో ఆగొద్దు. క్యూ పొడవునా సన్నబడుతూ వస్తుంది, రెండు ముక్కలుంటే జాయింట్ దగ్గర తేడా ఉండొచ్చు, కాబట్టి దొర్లేటప్పుడు కొంచెం ఎగిరినంత మాత్రాన షాఫ్ట్ వంగిందని కాదు. బట్, అంటే చేత్తో పట్టుకునే లావు చివర, వైపు నుంచి ఒక కన్ను మూసి తుపాకీలా చూస్తూ మెల్లగా తిప్పండి, వంపుంటే అప్పుడు తెలుస్తుంది. మామూలు పూల్ క్యూ 57, 58 అంగుళాల పొడవు, 18 నుంచి 21 ఔన్సుల బరువు ఉంటుంది, అంటే ఇంచుమించు 510 నుంచి 595 గ్రాములు. తెల్ల బంతి 170 గ్రాములకి మించదు కాబట్టి ఎంత తేలిక క్యూ అయినా దానికి మూడింతల బరువు. చేతికి ఏది నేరుగా సాగితే అది తీసుకోండి. షాఫ్ట్ చివర 12, 13 మి.మీ. ఉంటుంది, అది మీ వేళ్ల మధ్య ఇరుక్కోకుండా, ఊగకుండా జారాలి.

టిప్ మెత్తదా గట్టిదా అన్నది చేతికి తెలిసే తేడా, బంతి తిరగడంలో దాని పాత్ర తక్కువ. మెత్తటిది త్వరగా అణిగి పుట్టగొడుగులా అంచులు వాలుస్తుంది, గట్టిది ఆకారం నిలుపుకుంటుంది కానీ చాక్ సరిగ్గా పట్టకపోతే జారుతుంది. కొత్తవాళ్లకి మధ్యరకం చాలు. ఏదైనా గుండ్రంగా ఉండాలి, నాణెం అంచుకి ఆనిస్తే ఆ వంపు సరిపోవాలి. చదునుగా అరిగిపోయిన టిప్‌తో పక్కకి కొడితే దాని అంచే బంతికి తగులుతుంది, తర్వాత తిట్లు మటుకు క్యూకి.

ఖరీదైన క్యూ గురించి అంత రాసిన మీ వ్యాసంలో చాక్ మాటే లేదు. చాక్ అంటాం కానీ ఇప్పుడు వాడేది సుద్ద కాదు, సిలికా లాంటి గరుకు పదార్థంతో చేస్తారు. 1897లో స్పింక్స్, హాస్కిన్స్ అనే ఇద్దరు అమెరికన్లు దానికి పేటెంట్ తీసుకున్నారు. ఆ గరుకే లేకపోతే తోలు టిప్ నున్నటి బంతి మీద పక్కకి తగలగానే జారిపోతుంది. చాలామంది చాక్ ముక్కని టిప్ మీద పెట్టి గిరగిరా తిప్పుతారు, చాక్‌లో గొయ్యి పడుతుంది, టిప్ అంచులు ఖాళీగా మిగులుతాయి. మనం పక్కకి కొట్టేది ఆ అంచుల దగ్గరే కదండీ. కుంచెతో రంగు వేసినట్టు టిప్ అంతా తడిమి రాయాలి, అదీ షాట్ షాట్‌కీ.

వచ్చే వారం మణికట్టు మాట ఒక్కటైనా సరిదిద్దుతూ చిన్న ముక్క వేస్తే చాలు. పనిలో పనిగా, మీరు వేసిన ఫొటోలో గురిపెట్టిన ఆ కుర్రాడి టిప్ అద్దంలా మెరుస్తోంది. ఆ షాట్ మిస్‌క్యూ అయ్యే ఉంటుంది, ఒకసారి అడిగి చూడండి.

ఇట్లు,
మీ పాఠకుడు