పిల్లలకి ఇచ్చే కథ, ఇచ్చేవాళ్ళు ఈమధ్య చదివారా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మా అమ్మాయి ఎనిమిదో క్లాసు. సెలవుల్లో చదివి రాసుకురమ్మని స్కూల్లో ఒక నవల ఇచ్చారు, మూడొందల పేజీలు. మా పిల్లకి పేజీకి మూడు నిమిషాలు పడుతోంది, అంటే మొత్తం పదిహేను గంటలు, మిగతా సబ్జెక్టుల హోంవర్క్ కాక. నలభయ్యో పేజీ దగ్గర ఆగిపోయి ఫోన్లో సారాంశం వెతుక్కుని అదే రాసిచ్చేసింది, మార్కులు కూడా బాగానే వచ్చాయి. నాకు బాధేసింది అక్కడేనండీ.

నవల మంచిదే, కాదనను. కానీ టీచర్లు ఎప్పుడో తాము చదువుకునే రోజుల్లో నచ్చిన పుస్తకాన్ని మళ్ళీ తిరగేయకుండానే లిస్టులో పెట్టేస్తే ఎలా? నా మటుకు నాకు చిన్న కథే నయం. గురజాడ 'దిద్దుబాటు' ఇచ్చి చూశాను, 1910లో వచ్చిన కథ, కొద్ది పేజీలే. మొదటిసారి కథ కోసం చదివింది, మర్నాడు తనే మళ్ళీ తీసి, రాత్రిళ్ళు ఆటపాటలకి తిరిగే మొగుడికి బుద్ధి చెప్పాలని కమలిని అలా ఉత్తరం రాసిపెట్టి దాక్కోవడం కరెక్టేనా, ఆ మొగుడు గోపాలరావు నిజంగా మారాడా లేక ఆ రాత్రికి భయపడ్డాడా అని నాతో గంటసేపు వాదించింది. పరీక్షలో ఇలాంటి ప్రశ్న అడగండి, సారాంశం కాపీ కొడితే కుదరదు.

నాలుగైదు కథలిచ్చి అందులో ఒకటి పిల్లల్నే ఎంచుకోమంటే ఇంకా మంచిది. పాలగుమ్మి పద్మరాజు కథ 'గాలివాన'కి 1952లో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చిందని చెప్తే పిల్లలు కదలరు, తుఫాను రాత్రి రైల్వే స్టేషన్లో చిక్కుకుపోయిన పెద్దమనిషి, అక్కడో బిచ్చగత్తె అని చెప్పి ఆపండి, వాళ్ళే పేజీ తిప్పుతారు.

ఇంకో మాట. కొన్ని పాత కథల్లో కులం పేరు పెట్టి హేళన చేసే మాటలుంటాయి. అవి తీసేయమనట్లేదు, కానీ ఆ కులం పిల్ల కూడా అదే క్లాసులో కూర్చుని వింటుంటుంది కదా, టీచర్ ముందుగా దాని గురించి మాట్లాడకుండా పైకి చదివించడం చాలా తప్పు.

నవలే ఇవ్వాలంటే ఇవ్వండి, టైమివ్వండి, మొదటి రెండు చాప్టర్లు క్లాసులోనే కలిసి చదవండి. మీ పేపర్లో టీచర్లని ఒక్కటి రాయమని అడగండి సార్, ఏ కథ ఇచ్చినప్పుడు వాళ్ళ క్లాసులో పిల్లలు బెల్లు కొట్టినా లేవలేదో.

ఇట్లు,
ఎనిమిదో క్లాసు పిల్ల తల్లి