పెట్రీ ప్లేట్లు కడిగే చేతుల కోసం: మంత్రి గారికి బహిరంగ లేఖ

కర్ణాటక ఐటీ, బీటీ శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది హిందూపురం. బెంగళూరులో ఒక బయోటెక్నాలజీ కాలేజీలో స్టోర్ కీపర్‌గా పనిచేస్తున్నాను. ఈ లేఖ కన్నడ ప్రతి మీ ఆఫీసులో ఇచ్చాను. ల్యాబుల్లో పనిచేసే మనవాళ్లు కూడా చదవాలని తెలుగులోనూ పెడుతున్నాను.

పాల్ బెర్గ్ గురించి మీకు తెలిసే ఉంటుంది. 1972లో స్టాన్‌ఫర్డ్‌లో ఒక వైరస్ డీఎన్ఏకు మరో వైరస్ డీఎన్ఏను అతికించి చూపిన జీవరసాయన శాస్త్రవేత్త. 1980లో నోబెల్ వచ్చింది. మా అమ్మ రోజూ వేసుకునే ఇన్సులిన్ ఆ దారిలో వచ్చిందే.

నాకు మాత్రం ఆయన చేసినదానికన్నా ఆపినదే పెద్దగా కనిపిస్తుంది. ఆ రెండు వైరస్‌లలో ఒకటి ఎస్‌వీ40. కోతుల నుంచి వచ్చింది, హామ్‌స్టర్లలో (ఎలుకలాంటి చిన్న జంతువులు) కణుతులు పుట్టిస్తుంది. దాన్ని ఇ.కోలై బ్యాక్టీరియాలోకి ఎక్కించాలని వాళ్ల ఆలోచన. ఇ.కోలై ఉండేది మనిషి పేగుల్లో. 1971లో రాబర్ట్ పోలాక్ అనే శాస్త్రవేత్త ఫోన్ చేసి, అది ల్యాబు దాటి మనుషులకు చేరితే ఏమిటని అడిగారు. ప్రమాదం లేదని బెర్గ్ గట్టిగా చెప్పలేకపోయారు. ఆ ప్రయోగం ఆపేశారు. 1974లో మరో పదిమందితో కలిసి, ఇలాంటివి కొన్నాళ్లు ఎవరూ చేయొద్దని బహిరంగ లేఖే రాశారు. 1975 ఫిబ్రవరిలో అమెరికాలోని అసిలోమార్‌లో శాస్త్రవేత్తలందరూ కూర్చుని, ఏ పనికి ఎంత జాగ్రత్త కావాలో తేల్చారు.

మన దేశంలోనూ 1989 నుంచి నియమాలున్నాయి. జన్యువులు మార్చే ప్రతి సంస్థలో జీవభద్రతా కమిటీ ఉండాలి. ఆ కమిటీ మాటలు సింకు దగ్గరికి చేరడం లేదండీ.

పోయిన ఏడాది మా ల్యాబులో ప్లేట్లు కడిగే అమ్మ, మదనపల్లె ఆవిడ, ఆంపిసిలిన్ అనే యాంటీబయోటిక్ మందుకు లొంగని ఇ.కోలై పెరిగిన గాజు ప్లేట్లను ఆటోక్లేవ్‌లో (వేడి ఆవిరితో క్రిములను చంపే యంత్రం) పెట్టకుండానే ఉత్త చేతులతో కడుగుతోంది. చూపుడువేలికి గోరుచుట్టు. గోడ మీద నారింజ రంగు హెచ్చరిక ఉంది, క్రిముల ప్రమాదం ఉందని చెప్పే పువ్వులాంటి గుర్తుతో, అంతా ఇంగ్లీషులో. "ఈ పువ్వు బొమ్మ ఏందన్నా?" అని నన్నే అడిగింది. ఆమెకు ఏమీ కాలేదు. కానీ పదకొండేళ్లుగా ఆ పువ్వు కిందే కడుగుతోంది. పక్కనే ఉన్న నేనూ ఒక్కరోజూ చెప్పలేదు. అది నా తప్పు.

బెర్గ్ చదివిన బ్రూక్లిన్ స్కూల్లో సోఫీ వుల్ఫ్ అని ఒకావిడ ఉండేవారు. సైన్స్ క్లాసులకు సామాన్లు అందించే స్టోర్ రూమ్ ఆవిడ చేతిలో ఉండేది. బడి అయ్యాక సైన్స్ క్లబ్ నడిపేవారు. పిల్లలు ఏదైనా అడిగితే జవాబు చెప్పకుండా, వాళ్లనే వెతుక్కోమనేవారట. తనను ఈ దారి పట్టించింది ఆవిడేనని నోబెల్ వచ్చాక బెర్గే రాసుకున్నారు. స్టోర్ రూమ్ మనిషిని కదా, అది చదివినప్పటి నుంచి నాకు ఊరికే కూర్చోబుద్ధి కావడం లేదు.

నేను అడిగేది ఒక్కటే. మీ శాఖ డబ్బు అందే ప్రతి ల్యాబులో అటెండర్లకు, ఊడ్చేవాళ్లకు, కడిగేవాళ్లకు ఏడాదికి ఒక్క పూట వాళ్ల భాషలో శిక్షణ ఇప్పించండి. కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ ఏదైనా సరే. గోడ మీది హెచ్చరికలూ ఆ భాషల్లోనే ఉండాలి.

మా సింకు పైన నేనే ఒక అట్టముక్క కట్టాను: "ముందు ఆటోక్లేవ్: 121 డిగ్రీలు. తర్వాతే కడగాలి. గ్లౌజులు లేకపోతే స్టోర్‌లో అడగండి." దాని ఫొటో జత చేశాను. తప్పులుంటే దిద్దించి మిగతా ల్యాబులకూ పంపండి.

ఇట్లు,
ఒక స్టోర్ కీపర్, బెంగళూరు