కోల్డ్ రూమ్ ఎప్పుడు చల్లబడుతుంది? – మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన శాస్త్ర, సాంకేతిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

సరస్సు కోర్లు, అంటే సరస్సు అడుగు నుంచి గొట్టంతో తీసిన బురద కడ్డీలు, భద్రపరిచే కోల్డ్ రూమ్ గురించి మేం ఇచ్చిన వినతిపత్రాలన్నిటికీ ఒకటే జవాబు: "పరిశీలనలో ఉంది." పథకం సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, మంజూరు చేసింది మీ శాఖే. గది కట్టారు, తలుపు పెట్టారు, బోర్డు తగిలించారు. చల్లదనం ఒక్కటే ఇంకా రావాలి.

మంచుయుగం ముదిరిన రోజుల్లో, అంటే సుమారు 26,000 నుంచి 19,000 ఏళ్ల కిందట, ఏ మొక్క ఎక్కడ తలదాచుకుందో తేల్చాలంటే సరస్సుల అడుగున పొరలుగా పేరుకున్న బురదే ముఖ్యమైన సాక్షి. గొట్టం దించి, పొరలు చెదరకుండా ఆ బురదను పైకి తీసి, నిలువునా రెండుగా చీలుస్తాం. ఒక సగం పనికి, రెండో సగం భద్రానికి. రెండూ ప్లాస్టిక్ పొరలో బిగుతుగా చుట్టి, చీకట్లో, 4 డిగ్రీల దగ్గర ఉండాలి. డీఎన్ఏ కోసం తీసిన నమూనాలు మైనస్ 20లో ఉండాలి. మేం అడిగింది అంతే, మహాప్రభో.

అది లేకపోతే ముందు కోర్ ఎండుతుంది. ఎండితే కుంచించుకుపోయి పగుళ్లు తేలుతుంది. కోర్‌లో లోతంటే కాలమే కాబట్టి ఎన్నో సెంటీమీటరు ఎక్కడుందో తెలియకపోతే కాలక్రమం పోయినట్టే. తర్వాత బూజు పడుతుంది. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. బూజుతో, బాక్టీరియాతో ఈనాటి కార్బన్ నమూనాలోకి చేరుతుంది. 25,000 రేడియోకార్బన్ ఏళ్ల నాటి ఆకుముక్కలో మొదట ఉన్న కార్బన్-14లో (కాలంతో తరిగిపోయే కార్బన్ ఇది, ఎంత మిగిలిందో చూసే వయసు కడతాం) మిగిలేది దాదాపు నాలుగున్నర శాతం. అందులో 1 శాతం నేటి కార్బన్ కలిస్తే వయసు 23,400 అని వస్తుంది. 40,000 ఏళ్ల విత్తనంలో మిగిలేది ఒక శాతం కూడా ఉండదు. అక్కడ అదే 1 శాతం కలిస్తే ఇంటివాడికన్నా చుట్టమే ఎక్కువైపోయి వయసు 33,000 దగ్గరికి దిగిపోతుంది. ఆ మొక్క మంచులోనే బతికిందా, మంచు కరిగాక బయటి నుంచి వచ్చిందా అన్నదే మా ప్రశ్న. ఇలాంటి తేదీలతో దానికి జవాబు చెప్పమంటారా?

పుప్పొడి గట్టిది కదా, అది చాలదా అంటారేమో. గట్టిదే. పొటాషియం హైడ్రాక్సైడ్‌లో మరిగించినా, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో వేసినా దాని గోడ నిలుస్తుంది. స్లైడుకు 300 నుంచి 500 రేణువులు లెక్కపెడతాం కూడా. కానీ పైన్ పుప్పొడికి రెండు గాలితిత్తులుంటాయి. అది వందల కిలోమీటర్లు ఎగిరిపోతుంది. నాలుగు రేణువులు దొరికినంత మాత్రాన చెట్టు అక్కడే ఉందని చెప్పలేం. సూదాకో, గింజో, ఆకు పత్రరంధ్రాలో దొరకాలి. అవి దొరికేది మిల్లీగ్రాముల్లో. జల్లెడలో ఏరాక వాటిని తడిగా వారాల తరబడి ఉంచినా బూజే, అందుకే వెంటనే ఆరబెట్టి తూస్తాం. మా చేతిలో ఉన్న పని మేం చేస్తున్నామని చెప్పడానికే ఇది రాస్తున్నాం.

డీఎన్ఏ మరీ సున్నితం. మంచుయుగం నాటి ముక్కలు చాలావరకు వంద బేస్ జతలకన్నా (డీఎన్ఏ నిచ్చెనలో మెట్ల లాంటివి) చిన్నవి. గడ్డకట్టి కరిగిన ప్రతిసారీ ఇంకా విరుగుతాయి. నార్వేలోని ఆండోయా దీవి సరస్సు బురదలో స్ప్రూస్ డీఎన్ఏ దొరికిందని, ఆ చెట్టు మంచుయుగంలోనే అక్కడ ఉందని 2012లో ప్రకటించగానే, అది కాలుష్యం కాదని ఎలా నమ్మాలని సాటి శాస్త్రవేత్తలే నిలదీశారు. మమ్మల్నీ అలాగే నిలదీస్తారు. అప్పుడు ఉష్ణోగ్రత రికార్డు చూపించాలా, మీ శాఖ ఉత్తరం చూపించాలా?

అదే 2012లో, సైబీరియాలోని కోలిమా తీరాన సుమారు 32,000 ఏళ్ల కిందటి ఉడత బొరియలో దొరికిన కాయల కణజాలం నుంచి సైలీన్ స్టెనోఫిల్లా మొక్కను మళ్లీ పెంచారు. నేలకు 38 మీటర్ల లోతున, మైనస్ 7 డిగ్రీల్లో అవి నిలిచాయి. ఉడతలకు టెండరు లేకుండానే కోల్డ్ రూమ్ దొరికింది!

మాకు కావలసింది పెద్దదేం కాదు. ఒకటి ఆగితే అందుకునే రెండో కంప్రెసర్. కరెంటు పోగానే తనంతట తానే మొదలయ్యే జనరేటర్. ఉష్ణోగ్రత రాసిపెట్టే లాగర్, హద్దు దాటితే మోగే అలారం. చల్లటి గాలి తిన్నగా కోర్ల మీద కొట్టకుండా చూడాలి, లేకపోతే 4 డిగ్రీల్లోనూ ఎండిపోతాయి. ఫ్యాను దిశ మార్చడానికి కూడా ఫైలు కదలాలా?

మంచు వేల ఏళ్లు మీద కూర్చున్నా ఆ మొక్కలు తట్టుకున్నాయి. ఫెలోషిప్‌కు అంత ఆయుష్షు లేదు. గడువు పొడిగించమనీ అడిగాం, దానికీ అదే జవాబు. దయచేసి కంప్రెసర్ పెట్టించండి. కంప్రెసర్ పెట్టించండి, సార్.

ఈ లేఖకు కూడా "పరిశీలనలో ఉంది" అనే రాయిస్తే, ఎన్ని డిగ్రీల దగ్గర ఉందో కూడా రాయించండి.

ఇట్లు,
పురావృక్ష పరిశోధక విద్యార్థులు