మన ఊరి సంఘం వార్షిక నివేదిక 2024–25

సభ్యులందరికీ నమస్కారం. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా సంఘం చేసిన పనులు ఇందులో రాస్తున్నాం. ఈసారి ఎక్కువ భాగం ఎలక్షన్ గురించే ఉంటుంది, ఏడాదంతా మన టైమూ మన గొడవలూ దాని చుట్టూనే తిరిగాయి కదా, గ్రూపులో అందరూ చూశారు.

ముందు ఓటర్ల లిస్టు. ఏప్రిల్ మొదట్లో మన కుర్రాళ్ళు బీఎల్ఓతో (మన బూత్ ఓటర్ల లిస్టు చూసే అధికారి) కలిసి ఇల్లిల్లూ తిరిగారు, కొత్తగా 18 నిండినవాళ్ళకి ఫారం 6, ఊరు మారినవాళ్ళకి ఫారం 8 నింపించారు. హైదరాబాద్‌లో ఉన్న సభ్యుల్లో కొంతమందికి అక్కడా ఇక్కడా ఓటుంది. మే 13న ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ ఒకే రోజు పోలింగ్, ఎలాగూ ఒక్కచోటే వేయగలరు, పైగా రెండు చోట్ల పేరుంచుకోవడం చట్టం ఒప్పుకోదు, తప్పుడు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు కూడా. ఇంకా రెండు చోట్లా ఉన్నవాళ్ళు ఒకటి తీయించుకోండి ప్లీజ్.

పోలింగ్‌కి ముందు రామాలయం దగ్గర మీటింగ్ పెట్టాం. కాలనీ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ లేచి, "ఆ మిషన్లో చీటీ కనపడుద్దంట గదా అయ్యా, అది ఏజెంట్లు తీసుకుంటారా, మేం ఎవరికేశామో తెలిసిపోద్దా, నా పింఛను పోద్దేమో" అని అడిగింది. వీవీప్యాట్‌లో (ఓటు ఎవరికి పడిందో చీటీ చూపించే మిషన్) చీటీ 7 సెకన్లు కనపడి లోపల డబ్బాలో పడిపోద్ది, ఎవరి చేతికీ రాదు, నీ ఓటు నీకు తప్ప ఎవరికీ తెలీదమ్మా అని చెప్పాం. జులై 1న ఆవిడకి పెరిగిన పింఛను 4000, మూడు నెలల బకాయి 3000, మొత్తం 7000 ఇంటికే తెచ్చిచ్చారు.

కానీ ఆవిడ భయం పూర్తిగా ఉత్తదేం కాదు, ఈ సంగతి సభ్యులు బాగా ఆలోచించాలి. మనిషి ఓటు ఎవరికీ తెలీదు నిజమే, బూత్ ఓటు మాత్రం అందరికీ తెలుస్తుంది. కౌంటింగ్ అయ్యాక ఫారం 20లో ఏ బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో మొత్తం వచ్చేస్తుంది. మన ఊళ్ళో రెండే బూత్‌లు, ఒకటి పెద్ద బజారుది, రెండోది కాలనీది, ఇంక దాచడానికి ఏముంది. పేపర్ బ్యాలెట్ రోజుల్లో లెక్కపెట్టే ముందు బూత్‌ల ఓట్లు కలిపేసే పద్ధతి ఉండేది, ఈవీఎంలు వచ్చాక అది పోయింది. 14 బూత్‌ల ఓట్లు కలిపి లెక్కించే టోటలైజర్ పెట్టమని ఎలక్షన్ కమిషన్ 2008లోనే అడిగింది, లా కమిషన్ 2015లో తన 255వ రిపోర్టులో అదే చెప్పింది, కేంద్రం ఒప్పుకోలేదు. సిటీలో ఉండేవాళ్ళకి ఇది పెద్ద విషయంగా అనిపించకపోవచ్చు, రెండు బూత్‌ల ఊరికి మాత్రం చాలా పెద్ద విషయం.

అసలు మన ఊరి ఓటు అందరూ అనుకున్నంతగా మారలేదు. రాష్ట్రంలో 2019లో 151 సీట్లు గెలిచిన వైసీపీ 2024లో 11కి వచ్చింది, టీడీపీకి 135, జనసేనకి 21, బీజేపీకి 8 వచ్చాయి. మన దగ్గర పాత ఓటు చాలావరకు పాత ఇంట్లోనే ఉండిపోయింది. మారింది కుర్రాళ్ళది, భూమి హక్కుల మీద వచ్చిన ల్యాండ్ టైట్లింగ్ చట్టంతో పొలం ఏమైపోద్దో, పాస్‌బుక్ మీద జగన్ ఫొటో ఏంటో అని బెంగపెట్టుకున్న సన్నకారు రైతులది (ఆ చట్టాన్ని జులైలో అసెంబ్లీ రద్దు చేసింది). సాగర్ కాలువ చివరి భూములవాళ్ళయితే నీళ్ళు ఎవరు వదిలారో చూసి వేస్తారు, అందులో తప్పేముంది.

రిజల్ట్ వచ్చిన వారంలో ఎవరో ఫారం 20 ఫొటో గ్రూపులో పెట్టారు, అక్కడ మొదలైంది. "మీ బూత్‌లో మాకేం పడ్డాయని రోడ్డు అడుగుతారు" అని కాలనీవాళ్ళ మొహం మీదే అన్నారు. ఆ మాట అన్నవాళ్ళ పార్టీ ఏదైనా సరే సంఘం దాన్ని ఖండించింది. తర్వాత జరిగిన సర్వసభ్య సమావేశంలో రెండు తీర్మానాలు పాసయ్యాయి: బూత్ లెక్కలు మన గ్రూపులో పెట్టకూడదు, సంఘం డబ్బుతో చేసే ఏ పనైనా అవసరం చూసే చేయాలి. మొదటిదాని మీద గట్టిగా వాదన జరిగింది, పబ్లిక్ డాక్యుమెంటే కదా అన్నారు, నిజమే, ఎవరైనా చూసుకోవచ్చు, కానీ ఊరి పని దగ్గర దాన్ని చూపించి మాట్లాడకూడదు. రెండోదాని ప్రకారం ఆగిపోయిన కాలనీ ఆర్వో ప్లాంట్‌కి కొత్త మోటారు వేయించాం, చందా పెద్ద బజారు సభ్యుల నుంచే ఎక్కువ వచ్చింది, వాళ్ళకి పేరుపేరునా థ్యాంక్స్.

స్కూలుకి బెంచీలు, కనుమ రోజు ఆటల పోటీలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల కాగితం పంచాయతీ ఆఫీసు బోర్డుకి అంటించాం, డౌట్లుంటే కోశాధికారిని అడగండి.

టోటలైజర్ కోసం ఎలక్షన్ కమిషన్‌కి పంపాల్సిన అర్జీ రెడీగా ఉంది. ఊళ్ళో ఉన్నవాళ్ళు గ్రంథాలయంలో సంతకం పెట్టండి, బయట ఉన్నవాళ్ళు ఈ నెలాఖరులోపు కార్యదర్శికి పేరు పంపండి.