వార్షిక నివేదిక: రోజుల తరబడి సాగే మౌంటెన్ బైక్ రేసుల్లో మన సభ్యులు నేర్చుకున్నవి

సభ్యులందరికీ నమస్కారం.

గడిచిన ఏడాది సంఘం పనిలో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగింది. వరుసగా కొన్ని రోజులు సాగే మౌంటెన్ బైక్ స్టేజ్ రేసులకు మన రైడర్లను సిద్ధం చేయడం, వెళ్లొచ్చినవాళ్ల అనుభవాలను కూర్చి మిగతావాళ్లకు అందించడం. ఆదివారం రైడ్లు, సైకిల్ రిపేరు శిబిరాలు ఎప్పటిలాగే నడిచాయి కాబట్టి వాటి గురించి ఇక్కడ విడిగా రాయడం లేదు.

వెళ్లొచ్చిన ప్రతి ఒక్కరినీ ఒకే మాట అడిగాం: ఏ రోజు, దేనివల్ల టైం పోయింది? కొండ ఎక్కలేక పోయిన టైం కంటే, ముందురోజు సాయంత్రం చేయాల్సిన పని వదిలేసినందువల్ల పోయిన టైమే ఎక్కువని తేలింది. అరిగిపోయిన బ్రేక్ ప్యాడ్, ఎండిపోయిన సీలెంట్ (టైరుకు పడ్డ రంధ్రాన్ని లోపలినుంచి మూసే ద్రవం), చెమట షార్ట్స్‌తోనే గంటసేపు కూర్చోవడం వల్ల లేచిన సెగ్గడ్డ. అందుకే ఈ నివేదికలో కాళ్ల బలం గురించి తక్కువ, ఇలాంటి పనుల గురించి ఎక్కువ ఉంటుంది.

రేసు తీరు

కొత్త సభ్యుల కోసం రెండు మాటలు. యూరప్‌లో ఆల్ప్స్ పర్వతాలు దాటే ట్రాన్స్‌ఆల్ప్ 1998లో మొదలైంది. దక్షిణాఫ్రికాలో కేప్ ఎపిక్ 2004 నుంచి నడుస్తోంది. అందులో ఒక ప్రొలోగ్ (మొదటి రోజు చిన్న పోటీ), ఏడు స్టేజీలు (రోజుకొకటి చొప్పున తొక్కే భాగాలు), మొత్తం ఎనిమిది రోజులు. ఇద్దరు జట్టుగా వెళ్లాలి. ఇద్దరి మధ్య ఎడం రెండు నిమిషాలు దాటితే పెనాల్టీ పడుతుంది. మన దేశంలో హిమాచల్‌లో జరిగే ఎంటీబీ హిమాలయ ఈ తరహాలో పేరున్నది. ఎక్కడైనా అన్ని రోజుల టైం కలిపి లెక్కిస్తారు, ప్రతి స్టేజీకి ఒక కటాఫ్ (ఆలోపు ముగించాల్సిన గడువు) ఉంటుంది. మొదటి రోజు దూకుడుగా తొక్కి పది నిమిషాలు మిగుల్చుకున్నవాళ్లు మూడో రోజు గంట పోగొట్టుకోవడం మామూలే. మొదటి రెండు రోజులు ఎక్కుడులో పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగంలోనే ఉండాలన్నది వెళ్లొచ్చినవాళ్లందరి మాట.

మన నేల మీద సాధన

గంటసేపు ఆగకుండా ఎక్కే దారి మన నెల్లూరు వైపు తక్కువ. రాపూరు నుంచి చిట్వేలి వైపు వెలిగొండలు దాటే ఘాట్ ఉంది కానీ, హిమాలయాల్లో ఒక్క ఎక్కుడే రెండు మూడు గంటలు పట్టొచ్చు. ఆ లోటును చాలావరకు ఎదురుగాలితో పూడ్చుకున్నాం. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక సముద్రం మీదనుంచి గాలి లేస్తుంది. నెల్లూరు నుంచి మైపాడు వైపు వెళితే అది నేరుగా ముఖానికి కొడుతుంది. బరువైన గేరులో, నిమిషానికి 60 నుంచి 70 పెడల్ తిప్పులతో, 20 నిమిషాల చొప్పున మూడుసార్లు, మధ్యలో 5 నిమిషాల విరామం. గుండెకు, తొడలకు ఇది ఎక్కుడుతో సమానమే. అయితే నిటారు వాలులో ముందు చక్రం లేవకుండా, వెనక చక్రం జారకుండా ఒంటి బరువును సర్దుకునే నేర్పు గాలితో రాదు. దానికి గరుసు దిబ్బలు, రాళ్లు తేలిన డొంకలే దిక్కు.

సోమశిల, ఉదయగిరి, భైరవకోన వైపు మూడు రోజుల వరుస రైడ్ పెట్టుకున్నాం. మొదటి రెండు రోజులు నాలుగైదు గంటల చొప్పున, మూడో రోజు మూడు గంటలు. ఇలాంటి వరుస రైడ్‌లలో చివరిది రేసుకు మూడు వారాల ముందే అయిపోవాలి. ఆఖరి పది రోజులు తొక్కే గంటలను సగానికి తగ్గించాలి. వేగం మాత్రం తగ్గించక్కర్లేదు. ఉదయగిరి దుర్గం మెట్ల దారిని సైకిల్ లేకుండా, రేసు బూట్లతో, వీపున బరువుతో ఎక్కించడం కూడా పనికొచ్చింది. స్టేజ్ రేసులో సైకిల్ మోసుకుంటూ నడవాల్సిన చోట్లు తప్పవు. గట్టి కార్బన్ అడుగున్న బూట్లు తడి రాయి మీద ఎంతగా జారతాయో అక్కడికెళ్లి తెలుసుకోవడం మంచిది కాదు.

పెంచలకోన చుట్టూ ఉన్నది పెనుశిల నరసింహ అభయారణ్యం. దోర్నాల పైభాగం నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలి బాటల్లోకి సంఘం పేరుతో ఎవరూ వెళ్లకూడదు. ఇందులో సడలింపు లేదు.

టైర్లు

మన జిల్లాలో నేర్చుకున్నవాళ్లకు ఒక మేలుంది. పల్లేరు కాయలు, చిల్లకంప ముళ్లు దాటి వచ్చిన టైరు ఎక్కడైనా నిలుస్తుంది. ట్యూబ్‌తో తొక్కేవాళ్లు ఇక ట్యూబ్‌లెస్‌కు మారాలి. 29 అంగుళాల చక్రానికి 2.3 వెడల్పు టైరైతే మొదటిసారి 100 నుంచి 120 మి.లీ. సీలెంట్ పోయాలి. లేటెక్స్ సీలెంట్ రెండు మూడు నెలలు వస్తుందని సీసా మీద ఉన్నా, మన ఎండకు ఆరు వారాలకే చూసుకోవాలి. చూసే పద్ధతి ఇది. వాల్వ్‌ను పైకి తెచ్చి గాలి మెల్లగా వదలాలి. కింద ఉండగా వదిలితే సీలెంట్ చిమ్మి వాల్వ్ పూడుకుపోతుంది. తర్వాత వాల్వ్ కోర్ (వాల్వ్ లోపల గాలిని ఆపే చిన్న భాగం) విప్పి, చక్రం తిప్పి వాల్వ్‌ను అడుగుకు తెచ్చి, రెండు నిమిషాలు ఆగి, సన్నని జిప్ టై లోపలికి దించాలి. తడి అంటకపోతే లోపల ఉన్నది ఎండిన రబ్బరు ఉండలే.

ముల్లు గుచ్చుకుంటే పీకేసి, ఆ రంధ్రం నేల వైపు ఉండేలా చక్రాన్ని అర నిమిషం నిలబెడితే సీలెంట్ అక్కడికి చేరి మూసేస్తుంది. 3 మి.మీ. దాటిన కోతకు ప్లగ్ (రంధ్రంలో దూర్చే రబ్బరు ముక్క) వేయాలి. ఒకటి చాలకపోతే పక్కనే రెండోది. పక్కగోడ చీలితే పాత టైరు ముక్కను లోపల అడ్డుపెట్టి ట్యూబ్ ఎక్కించడం తప్ప దారి లేదు. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతిన్నారు. సీలెంట్ నెలల తరబడి మూస్తూ వచ్చిన ముళ్ల మొనలు టైరు లోపల అలాగే ఉంటాయి. వాటిని తీయకుండా ట్యూబ్ వేస్తే ఐదు నిమిషాల్లో మళ్లీ గాలి పోతుంది. వేలితో తడిమితే వేలు తెగుతుంది కాబట్టి గుడ్డతో టైరు లోపలంతా తుడవాలి. గుడ్డ తట్టుకున్న చోటల్లా ముల్లు ఉన్నట్టే. ఈ పనిని రేసుకు ముందే ఇంట్లో ఒకసారి చేసి ఉంచితే సగం బెడద తీరుతుంది.

గాలి పీడనం గురించి చాలామందికి అనుమానం ఉంది. 70 కిలోల రైడర్‌కు ముందు 20 నుంచి 22, వెనక 23 నుంచి 25 పీఎస్‌ఐ (గాలి పీడనం కొలత) మంచి మొదలు. నెల్లూరు సముద్రమట్టానికి దగ్గర. 3,000 మీటర్ల ఎత్తుకు వెళితే బయటి వాతావరణ పీడనం నాలుగున్నర పీఎస్‌ఐ దాకా తగ్గుతుంది కాబట్టి గేజ్ అంత ఎక్కువ చూపాలి. కానీ 40 డిగ్రీల ఎండలో నింపిన గాలి 10 డిగ్రీల చలిలో మూడున్నర పీఎస్‌ఐ దాకా తగ్గుతుంది. రెండూ దాదాపు చెల్లుకు చెల్లు. మధ్యాహ్నం ఎండెక్కాక మాత్రం టైరు గట్టిపడుతుంది. అందుకే పొద్దున బయలుదేరే ముందు, ఆ ఎత్తులోనే, సొంత గేజ్‌తో కొలుచుకోవాలి. ఒక్కో పంపు గేజ్ ఒక్కోలా చూపుతుంది.

బ్రేకులు

మన చదును దారుల్లో ఒక జత ప్యాడ్లు ఏడాది వస్తాయి. ఆ నమ్మకంతోనే వెళితే మోసపోతాం. వాన, బురద, పొడవాటి దిగుడు మూడూ కలిస్తే రెజిన్ ప్యాడ్ (జిగురు పదార్థంతో చేసిన మెత్తనిది) ఒక్క రోజులో ఇనుము దాకా అరిగిపోవచ్చు. తడికి, ఇసుకకు సింటర్డ్ ప్యాడ్లు (లోహపు పొడితో చేసిన గట్టివి) ఎక్కువ కాలం ఆగుతాయి. శబ్దం ఎక్కువే, వేడిని కాలిపర్‌కు (ప్యాడ్లను పట్టి ఉండే భాగానికి) ఎక్కువ పంపుతాయి కూడా, అయినా స్టేజ్ రేసుకు అవే మేలు. మీ డిస్క్ మీద రెజిన్ ప్యాడ్ మాత్రమే వాడాలని రాసి ఉంటే డిస్క్ కూడా మార్చాలి. వెనక రేకుతో కలిపి మందం 3 మి.మీ. కంటే తగ్గితే ఆ సాయంత్రమే తీసేయాలి. కొత్తవి వేశాక చక్రం పూర్తిగా ఆగనివ్వకుండా, ఓ మోస్తరు వేగం నుంచి నడక వేగానికి ఒక్కో బ్రేకును 20 సార్లు పట్టి వదలాలి. ఇది చేయకుండా పొద్దున్నే దిగుడులోకి వెళ్లినవాళ్లకు ప్యాడ్ మీద గాజులాంటి పొర కట్టి, ఎంత నొక్కినా బండి ఆగలేదు.

దిగుడులో బ్రేకును పట్టుకునే ఉండకూడదు. గట్టిగా పట్టి, వదిలి, మళ్లీ పట్టాలి. డాట్ ద్రవం (ఒక రకం బ్రేకు ద్రవం) వాడే బ్రేకులున్నవాళ్లు మరో సంగతి గమనించాలి. ఆ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మనది సముద్రతీరం. తేమ చేరిన ద్రవం తక్కువ వేడికే మరిగి లివర్ మెత్తబడుతుంది. ఏడాదికొకసారి, రేసుకు ముందు, మార్చి తీరాలి. మినరల్ ఆయిల్ బ్రేకులో డాట్, డాట్ బ్రేకులో మినరల్ ఆయిల్ పోస్తే సీళ్లు పాడవుతాయి.

సాయంత్రం చేయాల్సిన రెండు గంటల పని

ముగింపు గీత దాటగానే ముందు ఒళ్లు, తర్వాత సైకిల్. మొదటి అరగంటలో షార్ట్స్ విప్పి, సబ్బుతో కడుక్కుని, ఆరబెట్టుకుని, వదులు బట్టలు వేసుకోవాలి. సెగ్గడ్డలకు కారణం రాపిడి ఒక్కటే కాదు. వెంట్రుకల కుదుళ్లలో చెమట, సూక్ష్మజీవులు నిలవుండటం. మూడు జతల షార్ట్స్ తీసుకెళ్లి, ఉతికి పూర్తిగా ఆరినదే వేసుకోవాలి. కొండల్లో రాత్రికి రాత్రి బట్ట ఆరదు, రెండు జతలు చాలవు.

సైకిల్‌ను తక్కువ ఒత్తిడి నీటితో కడగాలి. ప్రెషర్ గన్‌ను హబ్ (చక్రం నడిమి భాగం), బాటమ్ బ్రాకెట్ (పెడల్ కడ్డీల ఇరుసు), హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటు) వైపు పెడితే గ్రీజు పోయి బేరింగుల్లోకి నీళ్లు చేరతాయి. గొలుసును గుడ్డతో తుడిచి, ఆరాక, ఒక్కో లింకు మీద ఒక్కో చుక్క నూనె వేసి, పది నిమిషాల తర్వాత పైపైది మళ్లీ తుడిచేయాలి. స్ప్రే నూనె వద్దు, తుంపర డిస్క్ మీద పడితే ప్యాడ్లు పనికిరావు. గొలుసు సాగుదల 0.5 శాతం దాటితే 11, 12 స్పీడ్ గేర్లలో రేసుకు ముందే కొత్తది వేసి, ఒకట్రెండు వారాలు తొక్కి అలవాటు చేయాలి. తర్వాత ప్యాడ్లు, స్పోకుల బిగువు, క్లీట్ (బూటును పెడల్‌కు తగిలించే ముక్క) మరలు, స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టి ఉండే భాగం) బోల్టులు. స్టెమ్ బోల్టులు చాలావాటికి 5 న్యూటన్ మీటర్లు, అయినా భాగం మీద ముద్రించిన అంకెదే చివరి మాట. రాయి తగిలి డిరైలర్ (గేర్లు మార్చే భాగం) హ్యాంగర్, అంటే దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క, కొద్దిగా వంగినా గొలుసు స్పోకుల్లోకి పోతుంది. హ్యాంగర్ ఒక్కో ఫ్రేముకు ఒక్కో రకం. దారిలో ఏ దుకాణంలోనూ దొరకదు కాబట్టి మీ ఫ్రేముకు సరిపోయేది ఒకటి, మీ గొలుసుకు సరిపడే క్విక్ లింకులు (తెగిన గొలుసును కలిపేవి) రెండు సంచిలో ఉండాల్సిందే.

తిండి, నీళ్లు, కడుపు

గంటకు 60 గ్రాముల పిండిపదార్థం దాకా చాలామంది కడుపు తట్టుకుంటుంది. 90కి పోవాలంటే గ్లూకోజు, ఫ్రక్టోజు రెండూ ఉన్నది తినాలి, వారాల తరబడి అలవాటు చేయాలి. ఒక మోస్తరు అరటిపండులో 25 గ్రాములుంటాయి. పల్లీ పట్టీలు మనవాళ్లకు ఇష్టమే కానీ, వేరుశనగలోని కొవ్వు వల్ల ఎక్కుడులో కడుపు బరువెక్కుతుంది. రేసు మధ్యలో బెల్లం, ఖర్జూరం, పిడికెడు పులిహోర మేలు. పల్లీ పట్టీ సాయంత్రానికి. లీటరు ఓఆర్ఎస్‌లో 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది. అది ఉప్పు లోటు తీరుస్తుంది, ఆకలి కాదు.

కడుపు చెడి రేసు ఆగిపోవడం చాలా చోట్ల చూసేదే. పశువులు తిరిగే దారిలోని బురద చక్రం మీదనుంచి చిమ్మి సీసా మూతి మీద పడుతుంది, ఆ మూతినే నోట్లో పెట్టుకుంటాం. మూతి మీద మరో మూత ఉండే సీసాలు లేదా వీపు సంచిలో నీళ్లు వాడాలి. చేతి తొడుగులతో తిండి ముట్టుకోకూడదు.

ఎత్తు, చలి

3,000 మీటర్ల దగ్గర ఆక్సిజన్ సముద్రమట్టంలో దొరికేదానిలో 70 శాతమే. మూడు నాలుగు రోజుల ముందే చేరుకోవాలి, మొదటి రోజు తేలికగా నడవడమే. తలనొప్పితో పాటు వికారం ఉంటే పైకి వెళ్లకూడదు. తగ్గకపోతే కిందికి దిగాలి. ఎండకు అలవాటుపడ్డ మన ఒంటికి దిగుడులో చలే పెద్ద కష్టం. చెమటతో తడిసిన జెర్సీతో అరగంట దిగితే వేళ్లు కొంకర్లు పోయి బ్రేకు నొక్కడం కుదరదు. ఎక్కుడు చివర రెండు నిమిషాలు ఆగి జాకెట్, పొడి తొడుగులు వేసుకోవడం టైం దండగ కాదు.

ప్రయాణం, వచ్చే ఏడాది ఏర్పాట్లు

పెట్టెలో సర్దేటప్పుడు పెడల్స్ తీయాలి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది. వెనక డిరైలర్‌ను హ్యాంగర్ నుంచి విప్పి, గుడ్డ చుట్టి ఫ్రేముకు కట్టాలి. చక్రాలు తీశాక బ్రేకు ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ బిళ్ల పెట్టకపోతే ఎవరి చెయ్యి లివర్‌కు తగిలినా ప్యాడ్లు అతుక్కుపోతాయి. బిళ్ల లేకపోతే మడత పెట్టిన అట్టముక్క చాలు.

సంఘం పనిముట్ల పెట్టెలో టార్క్ రెంచ్, గొలుసు గేజ్, గాలి గేజ్, రోటర్ (బ్రేకు డిస్క్) సరిచేసే పట్టుకారు ఉన్నాయి. రేసుకు వెళ్లేవాళ్లకు ముందు అవకాశం. ప్యాడ్లు, సీలెంట్, హ్యాంగర్, క్విక్ లింకులు ఎవరివి వాళ్లే కొనుక్కోవాలి. బయలుదేరడానికి నెల ముందు సైకిల్‌ను రిపేరు శిబిరానికి తెచ్చి, సీలెంట్, ప్యాడ్లు, గొలుసు మూడింటినీ మరో సభ్యుడి ఎదుట కొలిచి పుస్తకంలో రాయించాలి. తిరిగొచ్చిన వారంలోగా ఏ రోజు ఏది పాడైందో, ఎందుకో అదే పుస్తకంలో రాసి పెట్టెను అప్పగించాలి.